మంజుల పేరు, అశ్వర్థమ్మ చెయ్యి

మా పక్కింటివాళ్ల కోడలికి ఈ మధ్య నేను చేసిన ఉద్యోగమే వచ్చింది. చిన్న చిన్న యూనిట్లు పెట్టుకునేవాళ్లకు రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు ఇప్పించే ఉద్యోగం. చేరబోయే ముందు స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చి, "అంకుల్, ముందుగా ఏ పుస్తకం చదువుకోమంటారు?" అని అడిగింది. నిబంధనల పుస్తకం ఆఫీసులోనే ఇస్తారు, రెండు నెలల్లో అదే వంటబడుతుంది, దానికి నేనెందుకు అన్నాను. ఆమె వెళ్లాక నా భార్య ఊరుకోలేదు. "ముప్పై ఏండ్లు చేసినారు. ఆ పాపకి చెప్పేదానికి ఒగ ముక్క దొరకలేదా మీకి?" అంది. దొరకకేం, దొరికింది. కానీ అది గుమ్మంలో నిలబడి వినే ముక్క కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. నా ఉద్యోగమంతా ఈ మూడు ఊళ్ల మధ్యే నడిచింది. ప్యాసింజర్ రైలెక్కితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు గంటల దారి. నా ప్రమోషన్ల సంగతి రాయను. రెండే వచ్చాయి, రెండూ ఆలస్యంగా వచ్చాయి, ఆ ఏడుపు మీకెందుకు? ఏ ఫారం ఎక్కడ నింపాలో కూడా రాయను. మీరు ఇది చదివేలోపల ఆ ఫారం మారిపోయి ఉంటుంది.

మన దగ్గరికి ఎవరొస్తారో మాత్రం చెప్తాను. ఇన్నాళ్లూ వంటింట్లోనో వసారాలోనో ఒక పని చేసుకుంటూ వచ్చిన మనిషి, దానికి ఒక పేరు పెట్టుకుని, బోర్డు కట్టుకుని, ఇది నాది అని నలుగురికీ చెప్పుకోవాలని వస్తుంది. వచ్చేటప్పుడు భయపడుతూ వస్తుంది. ఆధార్ కార్డును కవర్లో పెట్టి, ఆ కవర్ను ఇంకో కవర్లో పెట్టి తెస్తుంది. కుర్చీ ఖాళీగా ఉన్నా మనం చెప్పేదాకా కూర్చోదు. కూర్చోమని చెప్పండి. సగం ఉద్యోగం అక్కడే ఉంది. మిగతా సగం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, అదీ ఒక తప్పు చేశాక.

కేశవమూర్తి గారి ప్రశ్న

నా మొదటి పోస్టింగు పెనుకొండ. అక్కడ నా పై అధికారి కేశవమూర్తి గారు. నోట్లో ఎప్పుడూ ఆకువక్క, ముక్కు మీద కోపం. ఆయన నన్ను మెచ్చుకున్న రోజు ఒక్కటి కూడా గుర్తులేదు. కానీ చూడకుండా సంతకం పెట్టిన రోజు కూడా గుర్తులేదు.

ఒకసారి పెనుకొండ పక్కన పల్లెలో రాగిపిండి మిల్లుకు దరఖాస్తు వచ్చింది. దరఖాస్తులో అల్లుడి పేరు ఉంది. ఇద్దరం స్కూటర్ మీద పోయాం. మంచం వాల్చి దుప్పటి పరిచారు, ఆయన కూర్చోలేదు. మిల్లు పెట్టబోయే రేకుల షెడ్డులో నిలబడి ఆ అల్లుణ్ని ఒకే ప్రశ్న అడిగారు.

"ఏమబ్బా, పొద్దన్నే లేస్తానే మొదట ఏం పని చేస్తావు?"

ఆ అబ్బాయి తలుపు దగ్గరున్న అత్త ముఖం చూశాడు. అత్త ఒక అడుగు ముందుకు వచ్చింది.

"ఏముండాది సార్, రాగుల్లో రాళ్లేరల్ల. రాళ్లు పోకుండా పోస్తే మిల్లు పాడవతాది."

కేశవమూర్తి గారు పెన్నుకు మూత పెట్టేశారు. దరఖాస్తు ఆ అత్త పేరున రాయించి తెమ్మన్నారు. అల్లుడు చిన్నబుచ్చుకున్నాడు, ఊరి పెద్దమనిషి ఒకాయన నచ్చజెప్పబోయాడు. ఈయన వినలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో నాతో అన్నారు: "అసలు ఆసామికి పొద్దున్నే చేసే మొదటి పని తెలిసుంటాది. ఆసామి కానివాడు ఇంకొకరి ముఖం చూస్తాడు. వాడు ఎవరి ముఖం చూస్తే వాళ్ల పేరు రాసుకో."

అది ఆయన దగ్గర నేను నేర్చుకున్న మంచి. ఎదుటివాళ్లను తిట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దాన్ని వదిలించుకోవడానికి పదేళ్లు పట్టింది. మీరు అది నేర్చుకోకండి.

చింతపండు వసారా

చాలా ఏళ్ల తర్వాత హిందూపురంలో ఉన్నాను. సీజన్లో ఆ ఊళ్లో కొన్ని వీధులకు వెళ్తే ఇంటికొక చింతపండు గుట్ట కనిపిస్తుంది. ఆడవాళ్లు గుంపుగా కూర్చుని పొట్టు కొట్టి, ఈనెలు లాగి, గింజలు తీస్తుంటారు. ఆ వీధి వాసనకే నోట్లో నీళ్లూరతాయి.

అశ్వర్థమ్మ ఆ పని ఇరవై ఏళ్లుగా ఇతరుల కింద చేసింది. నలభై అయిదు దాటిన మనిషి. భర్త ఎప్పుడో వదిలేసి బెంగుళూరు పోయాడు. పిల్లల్లేరు. అన్న ఇంటి వెనక రెండు గదుల్లో ఉండేది. ఎన్నాళ్లని వేరేవాళ్లకు గింజలు తీస్తాం, శుభ్రమైన పండును నేనే ప్యాకెట్లు కట్టి అమ్మితే ఏం అనుకుంది. నలుగురు ఆడవాళ్లను కూడగట్టుకుంది. సరుకు చూసిన అంగళ్లవాళ్లు బాగుందన్నారు గానీ, ప్యాకెట్ మీద లైసెన్సు నంబరు లేకపోతే పెట్టుకోలేమన్నారు. అట్లా ఆ దరఖాస్తు నా దగ్గరికి వచ్చింది.

దరఖాస్తులో అశ్వర్థమ్మ పేరు లేదు. మంజుల అని ఉంది. మంజుల ఆమె అన్న కూతురు. అప్పటికి ఇంకా పెళ్లికాలేదు, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది.

నేను తనిఖీకి వెళ్లి వసారాలో నిలబడి కేశవమూర్తి గారి ప్రశ్నే మంజులను అడిగాను. ఆ అమ్మాయి తడబడలేదు, నవ్వేసింది. "నాకేం తెలుసు సార్, మా అత్తనడగండి" అంది. అశ్వర్థమ్మ చేతిలో పని ఆపకుండానే జవాబు చెప్పింది.

"పొద్దన్నే పండు చేత్తో పట్టుకోని చూస్తా సార్. రాత్రి చెమ్మ తగిలింటే ఎండకేస్తా. లేకుంటే నల్లబడతాది. నల్లబడితే ఎవురు కొంటారు?"

"మరి పేరు యాల ఆ పాపది పెట్టినావమ్మా?"

"ఆ పాప చెయ్యి శానా మంచిది సార్."

మన ప్రాంతంలో ఈ మాట మీకు ఎన్నోసార్లు వినిపిస్తుంది. ఆ వీధిలో చిల్లర అంగళ్లవాళ్లు మంజుల బడికి పోయేటప్పుడు పిలిచి, ఆ పిల్ల చేతనే ఒక చాక్లెట్టు బోణీ చేయించేవాళ్లట. నాయన చేనులో శనక్కాయ విత్తనం మొదటి పిడికిలి ఆమె చేతి నుంచే పడేది. అలాంటి చేతి మనిషి పేరు మీద పెడితే వ్యాపారం నిలుస్తుందని అశ్వర్థమ్మ నమ్మకం. తన చేతి సంగతి కూడా ఆమే చెప్పింది.

"నాది అచ్చిరాని చెయ్యి సార్. చిల్లరంగడి పెడితే రోడ్డు వెడల్పు చేస్తామని పడగొట్టిరి. మొగుడు చూస్తే పాయ. విత్తనం పడే పొద్దు మా అన్న నన్ను చేనికి రావద్దంటాడు."

ఈ మాట ఆమె ఏ బాధా లేకుండా, ఈ రోజు ఎండ ఎక్కువగా ఉందన్నట్టు చెప్పింది. దానికి నా ప్రాణం ఉసూరుమంది. కానీ ఏం చేశాను? పెన్నుకు మూత పెట్టలేదు. మార్చి నెలాఖరు, ఏడాదిలో ఎన్ని యూనిట్లు రిజిస్టరు చేశామో లెక్క చూపించాల్సిన రోజులు. దరఖాస్తు మళ్లీ రాయించాలంటే ఇంకో వారం. ఇది నేను నాకు చెప్పుకున్న సాకు. అసలు సంగతి వేరే. నేనూ ఆ నమ్మకం ఉన్నవాణ్నే. మా ఇంట్లో కొత్త బండి కొంటే మా రెండో పాప చేతనే తాళం తిప్పిస్తాను. అశ్వర్థమ్మ చెప్పింది నాకు వింతగా అనిపించలేదు, సబబుగానే అనిపించింది.

"యూనిట్ నడుపుతున్నది మంజుల. ఆమె స్వయంగా పని చేస్తుండగా చూశాను" అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. మంజుల చూపించిన చోటల్లా సంతకాలు చేసింది. అశ్వర్థమ్మ నాకు రెండు చేతులా దండం పెట్టింది. ఆ చేతులు చింతపండు పులుపుకు గోళ్ల దాకా నల్లబడి ఉన్నాయి. వాటిని చూస్తూనే నేను ఆ అబద్ధం రాశాను.

ధర్మవరంలో నా ముందు కుర్చీ

మూడేళ్లు గడిచాయి. నేను ధర్మవరంలో ఉన్నాను, రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలు. ఒకరోజు ఒక అమ్మాయి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమన్నాను. కూర్చుని, "సార్, నన్ను గుర్తుపట్టలేదా? మా అత్త చింతపండుకి మీరే వచ్చింటిరి కదా" అంది. మంజుల.

ధర్మవరంలో మగ్గం నేసే ఇంటికి కోడలిగా వచ్చిందట. ఇంటిదగ్గర మగ్గం పని అంతంతమాత్రంగా ఉంటే, బజార్లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అంగట్లో పనికి కుదిరింది. పట్టుచీర కొన్న ప్రతివాళ్లూ జాకెట్టు మీద పని కావాలంటున్నారు ఇప్పుడు. డిజైను కంప్యూటర్లో వేసి, మిషన్లో గుడ్డ బిగించి, దారాలు మార్చడం అంతా నేర్చుకుంది. సొంతంగా ఒక మిషన్ పెట్టుకోవాలని ఉంది. మిషన్ ఖరీదు ఎక్కువ, రాయితీ రుణం లేకుండా అయ్యే పని కాదు.

నేనడగకుండానే చెప్పింది: "పొద్దన్నే లేస్తానే మొదట సూదుల్లో దారాలు చూసుకుంటా సార్. ఒగ దారం వదులుగా ఉంటే పువ్వంతా పాడయిపోతాది." నాకు ముచ్చటేసింది. ఇది అసలు ఆసామి మాట.

ఆమె ఆధార్ నంబరు కంప్యూటర్లో కొట్టాను. తెర మీద వచ్చింది: ఇదివరకే యూనిట్ ఉంది, చింతపండు శుద్ధి, హిందూపురం.

ఆ రాయితీ మొదటిసారి వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు. ఇదివరకే నడుపుతున్నవాళ్లకు కాదు. బ్యాంకువాళ్లు కూడా అదే చెప్పి ఆమెను పంపారట. ఈ నెలాఖరులోపల కాగితాలు సరిచేసుకుని వస్తే సరే, లేకుంటే ఫైలు వెనక్కి పంపుతామన్నారు. ఇంట్లో అత్తగారు అప్పుడే మొదలుపెట్టింది: "నీ పేరున ఆడ పుట్టింట్లో యాపారం ఉండాది కదా, ఇంగ ఈడ యాల?" అని.

మంజుల తెర మీదున్న తన పేరు చదువుకుంది. తర్వాత అంది:

"చిన్నప్పట్నుంచి అందురి అంగళ్లకీ నా చెయ్యి పనికొచ్చె సార్. నా అంగడికే పనికి రాకుండా పాయ."

కళ్లు తుడుచుకుంది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె చేతికి ఏ లోపమూ లేదు. అడ్డం పడింది నా రాత.

నా రాత నేనే కొట్టేసుకున్నాను

దీనికి సులువైన దారి ఒకటి ఉంది. పక్క సీటు ఆయన చెప్పాడు, చింతపండు యూనిట్ మూతపడిందని రాసేయండి అని. కానీ అట్లా రాస్తే మంజుల ఒకసారి వ్యాపారం పెట్టి మూసేసిన మనిషి అవుతుంది. మొదటిసారి పెట్టే మనిషి కాదు. అక్కడ అశ్వర్థమ్మ లైసెన్సు కూడా పోతుంది. రెండు ఇళ్లలో దీపం ఆర్పినట్టు.

రెండో దారి నిజం రాయడం. మంజుల ఆ యూనిట్ ఏనాడూ నడపలేదని రాయాలి. అంటే ఆ రోజు నేను రాసింది తప్పని నేనే రాయాలి. రెండు రోజులు వాయిదా వేశాను, ఒప్పుకుంటాను. మూడో రోజు రాశాను. "ఆ రోజు నేను పని చేస్తుండగా చూసింది అశ్వర్థమ్మను. రాసింది మంజుల పేరు. వాళ్లిద్దరికీ నిబంధన తెలియదు. నాకు తెలుసు."

అప్పటి మా పై అధికారిణి నా కూతురి వయసు అమ్మాయి. కాగితం రెండుసార్లు చదివింది.

"ఇట్లా ఎవరూ రాసుకోరు సార్. రిటైర్మెంటు దగ్గర్లో ఉన్నారు. పెన్షన్ ఫైలుకు ఇది అడ్డం పడితే?"

"పడితే ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకుంటాను మేడం. నాకు టైముంది. ఆ పాపకు నెలాఖరు వరకే ఉంది."

ఆమె ఆ మధ్యాహ్నమే నా రిపోర్టును బ్యాంకుకు పంపింది. ఆ మధ్యాహ్నమే, అదే పెన్నుతో, నాకు సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చింది. కోపం రాలేదు నాకు. నేను చూసిన పై అధికారుల్లో ఆమెకే మొదటి స్థానం ఇస్తాను. తన పని తాను చేసింది, దానికోసం వేరేవాళ్ల పని ఆపలేదు. చివరికి హెచ్చరికతో వదిలేశారు. ఆ మెమో ఇప్పటికీ నా దగ్గరుంది. ప్రశంసాపత్రాలు ఎక్కడ పెట్టానో తెలియదు గానీ, అది ఎక్కడుందో తెలుసు.

అయితే బ్యాంకు ఇంకో కాగితం అడిగింది. చింతపండు యూనిట్ అశ్వర్థమ్మ పేరుకు మారినట్టు రుజువు కావాలి. అంటే అశ్వర్థమ్మ ఒప్పుకోవాలి.

"పేరు నాకి ఇచ్చేయ్ అత్తా"

సెలవు పెట్టి, మంజులతో ప్యాసింజర్లో హిందూపురం పోయాను. వసారాలో ఇప్పుడు ఎనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. గోడకు ఆనించి ప్యాకెట్ కవర్ల కట్టలు. అశ్వర్థమ్మ మమ్మల్ని చూసి సంబరపడింది. సంగతి చెప్పేసరికి ముఖం మారిపోయింది.

"వద్దు సార్. ఆ పాప పేరు తీసేస్తే ఈ గుట్టంతా నల్లబడిపోతాది."

"నల్లబడేది చెమ్మకు కదమ్మా, నువ్వే చెప్పింటివి."

"మీకి తెల్దు సార్. నా పేరు పెట్టినేది ఏదీ నిలబడలే. ఈ ఎనిమిది మంది నన్ను నమ్ముకోనుండారు. మల్లా కూలికి పోవల్ల వీళ్లు."

నేను నిబంధన చెప్పాను. జరిమానా మాట చెప్పాను. పనికిరాని మాటలు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె భయపడుతున్నది నిబంధనకు కాదు. మంజుల నన్ను ఆపి, చెప్పులు విడిచి, ఆ ఆడవాళ్ల మధ్య అత్త ఎదురుగా కూర్చుంది. ఒక చింతకాయ తీసి పొట్టు కొట్టబోయింది. చేతకాక పండు నలిగిపోయింది. ఆడవాళ్లు నవ్వారు.

"చూస్తివా అత్తా? నాకి ఒగ కాయ కొట్టేది కూడా రాదు. నేను పెండ్లయి పోయినంక ఈడికి ఎన్నిసార్లు వచ్చినా?"

"రెండు తూర్లు."

"మరి ఇన్నాళ్లూ ఈ పండు ఎవురి చేత్తో బాగుండాది?"

అశ్వర్థమ్మ చేతిలో కాయను పక్కన పెట్టింది.

"నా చెయ్యి కావల్లంటే వాడుకో. సీజన్ మొదల్లో పిలువు, వచ్చి మొదటి ప్యాకెట్ నేనే కట్టిపోతా. పేరు మాత్రం నాకి ఇచ్చేయ్ అత్తా. దాంతో నాకి పనుండాది."

ఆ మాట మంజుల చాలా మెల్లగా అంది. అశ్వర్థమ్మ ఆమె ముఖం వైపు చాలాసేపు చూసింది. ఇన్నాళ్లూ తను ఏం తీసుకుందో ఆమెకు అప్పుడే అర్థమైందనుకుంటాను. "నీ పేరు నేనట్ల పెట్టుకోనుంటే నీకి అడ్డమయితాదని నాకి తెల్దు పాపా" అంది, ఏడ్చింది. మంజుల కూడా ఏడ్చింది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

ఒప్పుకున్న వేలు

ఇంతటితో అయిందనుకున్నాను. కాలేదు. ఇప్పుడు ఏ రిజిస్ట్రేషన్ చేయాలన్నా ఆధార్‌కు ఫోన్ నంబరు కలిసి ఉండాలి. అశ్వర్థమ్మ ఆధార్‌కు ఏ నంబరూ లేదు. కలపడానికి కేంద్రానికి పోతే వేలిముద్ర అడిగారు. ఆమె బొటనవేలు పెట్టింది. మిషన్ తీసుకోలేదు. చూపుడు వేలు, తీసుకోలేదు. తుడిచి పెట్టింది, కడిగి పెట్టింది. లోపలున్న అమ్మాయి, "గీతలే లేవమ్మా నీ వేళ్లకు" అంది. ఇరవై ఏళ్లకు పైబడిన చింతపండు పులుపు, పొట్టు కొట్టిన రాపిడి, ఆ గీతల్ని తినేశాయి.

అశ్వర్థమ్మ నా వైపు తిరిగింది. "నేను చెప్పలేదా సార్? మిషన్‌కి కూడా తెలిసిపాయ నా చెయ్యి మంచిది కాదని."

నా ఉద్యోగంలో ఎన్నో మాటలు పడ్డాను. ఇంత నొప్పి కలిగించిన మాట ఇంకొకటి లేదు. "అది పనిచేసిన చెయ్యమ్మా, అందుకే అరిగిపోయింది" అన్నాను. ఆమె నమ్మలేదు.

నాలుగు రోజులు పండు ముట్టుకోకుండా చేతులకు కొబ్బరినూనె రాసుకుని రమ్మన్నారు. ఆమె నాలుగు రోజులు పని మానడం ఇన్నేళ్లలో అదే మొదలట. మంజుల పుట్టింట్లోనే ఉండిపోయి కాపలా కాసింది. అయినా అశ్వర్థమ్మ సందు చూసుకుని గుట్ట దగ్గరికి పోయేదట. అయిదో రోజు మళ్లీ పోయాం. బొటనవేలు, చూపుడు వేలు, నడిమివేలు, ఉంగరం వేలు, ఏదీ కాలేదు. ఆఖరికి కుడిచేతి చిటికెన వేలు పెట్టింది. మిషన్ మీద పచ్చ దీపం వెలిగింది. కాయ కొట్టేటప్పుడు పక్కకు తీసిపెట్టే వేలు అది, గీతలు అట్లానే ఉన్నాయి.

అశ్వర్థమ్మ ఆ వేలును పైకెత్తి ఒక తడవ చూసుకుంది. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుండగా ఆమె పేరున రిజిస్ట్రేషన్ వచ్చింది. కొత్త లైసెన్సుకు దరఖాస్తు పడింది. బ్యాంకు మంజుల ఫైలు తీసుకుంది.

ఇప్పుడు మా పక్కింటి కోడలికి నేను చెప్పదలచుకున్నది ఇది. దరఖాస్తులో ఉన్న పేరు తప్పయినప్పుడల్లా మోసమే అనుకోవద్దు. భయం వల్ల, ప్రేమ వల్ల, ఎవరో చిన్నప్పుడు అన్న ఒక మాట వల్ల కూడా జనం ఇంకొకరి పేరు రాస్తారు. వాళ్ల మీద అరవొద్దు. అట్లాగని జాలిపడి ఆ పేరే రాసేయొద్దు. నేను జాలి అనుకున్నది నా బద్ధకమే. ఆ ఒక్క నిమిషం నేను పెన్నుకు మూత పెట్టి ఉంటే, ఒక అమ్మాయి నా ముందు కూర్చుని ఏడ్చే పని ఉండేది కాదు.

బోణీ

నేను రిటైరయిన తర్వాత మంజుల అంగడి తెరిచింది. ధర్మవరంలో ఒక సందులో చిన్న గది, గుమ్మానికి మామిడాకులు, నడుమ మిషన్. నన్ను పిలిస్తే పోయాను. అశ్వర్థమ్మ అప్పటికే వచ్చి, గదిలోకి రాకుండా మెట్టు మీద ఒదిగి నిలబడి ఉంది. కొంగు చాటున ఒక సంచి, అందులో ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ. మేనకోడలికి పెట్టడానికి తెచ్చింది.

మంజుల ఆ గుడ్డ తీసుకుని నేరుగా మిషన్లో బిగించింది. "అత్తా, రా. బోణీ నువ్వు చెయ్యల్ల" అంది.

అశ్వర్థమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఏం మాటలవి? నీ చెయ్యి ఉండంగా నేనా? మీ అత్తగారున్నారు, ఆయమ్మతో చేయించుకో." అత్తగారు ముఖం చిట్లించింది. మంజుల పోయి అశ్వర్థమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. విత్తనం పడే పొద్దు చేనికి రావద్దన్న ఆ అన్న, మంజుల నాయన, అక్కడే గోడ పక్కన నిలబడి ఉన్నాడు. తల వంచుకున్నాడు.

నొక్కాల్సిన మీట చూపించారు. అశ్వర్థమ్మ బొటనవేలు చాచి, మళ్లీ ముడుచుకుని, చిటికెన వేలు చాచింది. నా వైపు చూసి సిగ్గుగా నవ్వింది.

"ఈ వేలే కదా సార్, గవర్నమెంటు ఒప్పుకునింది."

నొక్కింది. మిషన్ కదిలింది. ఆకుపచ్చ గుడ్డ మీద బంగారు రంగు రెక్క ఒకటి పడింది, సగం రెండోది పడింది, టక్కున ఆగిపోయింది. దారం తెగింది.

అత్తగారు కొడుకు వైపు చూసింది. అశ్వర్థమ్మ చెయ్యి కొంగులోకి లాక్కుంది. నాకూ అపశకునమే అనిపించింది, అబద్ధం ఎందుకు.

మంజుల వంగి సూదిలో దారం ఎక్కించింది. కొస కత్తిరించింది. అత్త చెయ్యి కొంగులోంచి బయటికి తీసి మీట దగ్గర పెట్టింది.

"దారం తెగితే దారం ఎక్కిస్తారు గానీ, చెయ్యి మారుస్తారా అత్తా? మల్లా నొక్కు."

అశ్వర్థమ్మ మళ్లీ నొక్కింది.